పొగగొట్టము లేని గ్యాసు కుంపటి: దానిని గృహములందు నిలుపు విధము

(పురపాలక సంఘముల యొక్కయు, తాలూకా, మండలముల యొక్కయు ఉద్యోగుల ఉపయోగార్థము)

1. విషయము

చలి ప్రదేశములయందు గదిని వెచ్చచేయుటకు వాడెడి గ్యాసు కుంపట్లు రెండు విధములు. మొదటి విధమునది తాను కాల్చిన వాయువును ఒక గొట్టము ద్వారా ఇంటి వెలుపలికి పంపును. రెండవ విధమునకు గొట్టము లేదు. కాలినదంతయు గదిలోనే విడుచును. గోడకు రంధ్రము చేయనక్కఱలేదు, గదినుండి గదికి దొర్లించుకొని పోవచ్చును, వేడి యేమియు వెలుపలికి పోదు అను కారణములచేత జనులు ఈ రెండవ విధమునే ఇష్టపడుదురు. ఆ మూడు గుణములును నిజమే. కాని వేడి వెలుపలికి పోని చోటినుండి విషమును వెలుపలికి పోదు.

ఈ పాఠము బోధింపదలచిన ముఖ్యాంశ మొక్కటే. పొగగొట్టము లేని కుంపటికి గదియే పొగగొట్టము. కావున తనిఖీ చేయు ఉద్యోగి కుంపటిని చూచుటకు ముందు గదిని చూడవలయును. మంచి కుంపటియైనను మూసిన గదిలో ప్రాణాపాయకరము కాగలదు.

2. దామన్ ఉదంతము

2020వ సంవత్సరము జనవరి నెలలో కేరళ రాష్ట్రమునుండి నేపాళ దేశమునకు విహారార్థమై పోయిన పదునైదుగురు, పోఖరానుండి తిరిగి వచ్చుచు మార్గమధ్యమునందలి దామన్ అను కొండ ఊరిలో ఒక వసతి గృహమున రాత్రి బస చేసిరి. ఆ యూరు సముద్రమట్టమునకు సుమారు 2,300 మీటర్ల ఎత్తున నున్నది. చలి మిక్కుటముగ నుండెను. వారిలో ఎనమండుగురు ఒకే గదిలో పండుకొనిరి. గదిలో గ్యాసు కుంపటి వెలుగుచుండెను. తలుపులును కిటికీలును లోపలినుండి బిగింపబడియుండెను. తెల్లవారిన పిదప గది తెఱచి చూడగా అందఱును స్పృహ లేక పడియుండిరి. వారిని హెలికాప్టరులో ఖాట్మండు నగరమునకు చేర్చిరి గాని ఒక్కరును బ్రదుకలేదు. మృతులలో నలుగురు పిల్లలు.

ఈ ఉదంతమున మంట అంటుకొనలేదు, సిలిండరు పేలలేదు. కేకయైనను వినబడలేదు. చలికి తలుపు మూసికొనుట, వెచ్చదనమునకై ఎక్కువమంది ఒక గదిలో చేరుట, నిద్రించునపుడు కుంపటిని వెలుగనిచ్చుట అను మూడు సామాన్య కార్యములు ఒకే రాత్రి కలిసినవి. ఈ మూటిలో ఏదియు తప్పని సామాన్యునకు తోచదు. అందుచేతనే తనిఖీ చేయు ఉద్యోగికి ఆ సంగతి ముందుగ తెలిసియుండవలెను.

3. గాలి లెక్క

సిలిండరు గ్యాసు ఒక కిలోగ్రాము పూర్తిగ కాలుటకు ఇంచుమించు 3.6 కిలోగ్రాముల ప్రాణవాయువు కావలయును. కాలిన పిదప మూడు కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడును, ఒకటిన్నర కిలోగ్రాములకు మించిన నీటియావిరియు పుట్టును. మూసిన గది కిటికీల అద్దములపై చెమ్మ పట్టుట ఈ యావిరివలననే. అది గదిలోని గాలి మాఱుట లేదనుటకు కంటికి కనబడు మొదటి గుర్తు.

ఇండ్లలో వాడు దొర్లుడు కుంపటి, పూర్తిగ వెలిగించినపుడు, 4.2 కిలోవాట్ల వేడి నిచ్చును. గంటకు సుమారు 300 గ్రాముల గ్యాసు కాల్చును. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిని దృష్టాంతముగ తీసికొందము. అందలి గాలి 36 ఘనమీటర్లు. గాలిలో నూటికి ఇరువదియొక్క పాళ్లు ప్రాణవాయువు. గది యొక్క సందులన్నియు మూసివేయబడినచో, ఒకటింబావు గంటలో ఈ కుంపటి ఆ ఇరువదియొక్క పాళ్లను పదునెనిమిదికి దింపును. దామన్ వంటి ఎత్తైన తావున గాలి పలుచన; సముద్రతీరమున నాలుగు పాళ్లున్న గాలి అచ్చట ఇంచుమించు మూడు పాళ్లే. కావున అదే గదిలో అదే కుంపటికి ఒక గంట చాలును. సిమ్లా, ఉదకమండలము మున్నగు పట్టణములును రమారమి అంత ఎత్తుననే యున్నవి. నిద్రించు మనుష్యులు పీల్చుకొను ప్రాణవాయువు ఈ లెక్కలో చేరలేదు.

వాస్తవమునకు ఏ గదియు సంపూర్ణముగ మూసికొనదు. తలుపు క్రిందను, కిటికీ అంచులనుండియు కొంత గాలి వచ్చుచునే యుండును. పాత ఇండ్లలో మనుష్యులను కాపాడినవి ఆ సందులే. నేటి అల్యూమినియము కిటికీలు, రబ్బరు అంచుల తలుపులు ఆ సందులను పూడ్చినవి. తాతల నాటి కుంపటి అలవాటును నేటి గదిలోనికి తెచ్చుకొనుట ఇందుచేత ప్రమాదకరమైనది.

4. వాసన గల అపాయము, వాసన లేని అపాయము

గ్యాసు కుంపటివలన అపాయములు రెండు. వానిని వేఱువేఱుగ గుర్తింపవలయును.

మొదటిది కాలని గ్యాసు కారుట. సిలిండరు గ్యాసునకు సహజముగ వాసన లేదు. కారినపుడు తెలియుటకై అందు దుర్వాసన గల మెర్కాప్టాను అను ద్రవ్యమును కలుపుదురు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది; నేలపై ప్రాకి పల్లములందును కాలువలందును చేరును. గాలిలో నూటికి ఇంచుమించు రెండు పాళ్లు కలిసినంతనే నిప్పురవ్వ తగిలిన అంటుకొనును. ఈ అపాయమును జనులెఱుగుదురు. ముక్కు హెచ్చరించును.

రెండవది గ్యాసు సరిగ కాలకపోవుటవలన పుట్టు కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, కంటికి మంట లేదు. గ్యాసులో కలిపిన దుర్వాసన మంటలో కాలిపోవును గనుక అదియు ఇచ్చట సాయపడదు. ఈ వాయువు రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. ఊపిరి ఆడుచునే యుండును. కాని రక్తము ప్రాణవాయువును మోయజాలదు. బొగ్గు గనులలో ప్రేలుడు పిదప మరణించువారిలో పెక్కుమంది ఈ వాయువుచేతనే మరణించుచున్నారని స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేను 1896లో నిరూపించెను. ముందుగ హెచ్చరిక తెలియుటకై గనులలోనికి చిన్న పక్షులను తీసికొనిపోవు ఆచారమును ఆయన సూచించినదే.

దీని పరిమాణమెంత స్వల్పమో చూడుడు. ఎనిమిది గంటల కాలము పీల్చు గాలిలో ఘనమీటరునకు 10 మిల్లీగ్రాములకు మించి ఈ వాయువు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో నిర్దేశించినది. పైని చెప్పిన 36 ఘనమీటర్ల గదికి అది మొత్తము మూడింట ఒక వంతు గ్రాము. కుంపటి కాల్చు గ్యాసులోని బొగ్గుసత్తువలో వేయింట ఒక్క పాలు మాత్రమే సరిగ కాలక ఈ విషమైనను, గంటకు అర గ్రాముకంటె ఎక్కువ పుట్టును. గాలి మాఱని గదిలో నలుబది నిమిషములకే హద్దు దాటును. ప్రాణవాయువు తగ్గుకొలది మంట మఱింత చెడును. మంట చెడుకొలది విషము హెచ్చును.

5. రక్షణ సాధనములు, వాని హద్దులు

నేటి మంచి కుంపట్లలో రెండు సాధనము లుండును. ఒకటి, మంట ఆరిపోయినచో గ్యాసును తనంతట నిలిపివేయు కవాటము. పైపుల ద్వారా గ్యాసు వచ్చు ఊళ్లయందు ఇది ముఖ్యము. పాకిస్థానమునందలి క్వెట్టా వంటి చలి పట్టణములలో శీతకాలమున గ్యాసు ఒత్తిడి తగ్గుటయు సరఫరా నిలుచుటయు కలదు. అర్ధరాత్రి సరఫరా నిలిచి మంట ఆరి, మరల గ్యాసు వచ్చినపుడు ఈ కవాటము లేని కుంపటినుండి కాలని గ్యాసు నిద్రించువారి గదిలోనికి వచ్చును.

రెండవది, గదిలో ప్రాణవాయువు సుమారు పదునెనిమిది పాళ్లకు దిగినపుడు కుంపటిని ఆర్పు సాధనము. అందొక చిన్న మంట యుండును. ప్రాణవాయువు తగ్గినపుడు ఆ మంట తన స్థానమునుండి జరిగి వేడి తగులవలసిన లోహపు మొనకు తగులదు. అది చల్లబడి కవాటము మూసికొనును.

ఈ సాధనము కొలుచునది ప్రాణవాయువును మాత్రమే, విషమును కాదు. బర్నరులో దుమ్ము పేరుకొని మంట చెడినచో, గదిలో ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడే విషము పుట్టవచ్చును, సాధనము మిన్నకుండును. ఎత్తైన కొండలపై పలుచని గాలియందు ఇది ఊరక ఆరిపోవుచుండును. అందుచేత నిర్మాతలు తమ పత్రములలో ఇంత ఎత్తువఱకే వాడవలెనని వ్రాయుట కలదు. విసిగిన మరమ్మతుకారుడు ఆ సాధనమును తొలగించి కుంపటిని నిరంతరము వెలుగునట్లు చేసిన యెడల, ఆ కుంపటిని వెంటనే వాడుకనుండి తీసివేయింపవలయును.

6. గాలిదారి

అమెరికా దేశపు గ్యాసు నియమావళిలో వేయి బి.టి.యు. వేడికి 50 ఘనపుటడుగుల గది కావలయునను కొలత యున్నది. దాని ప్రకారము 4.2 కిలోవాట్ల కుంపటికి ఇరువది ఘనమీటర్ల గది చాలును. మన 36 ఘనమీటర్ల గది ఆ పరీక్షలో సులభముగ గెలుచును. అయినను మూసినచో అదే గది గంటకు పైచిలుకు కాలమున ప్రమాదస్థితికి వచ్చునని పైని చూచితిమి. ఇందు విరోధము లేదు. ఆ కొలత సందులనుండి గాలి వచ్చుచున్న గదిని ఉద్దేశించినది. గదిలో నిలువయున్న గాలి ఎంత యుండినను తఱిగిపోవును; వచ్చిపోవు గాలియే లెక్కకు వచ్చును. అదే దేశమున కాలిఫోర్నియా రాష్ట్రము నివాస గృహములకు ఇట్టి కుంపట్లను నిషేధించినది.

ఐరోపా దేశములలో ఈ దొర్లుడు కుంపట్లతో నిచ్చు సూచనలు మఱింత కఠినములు. నివసించు గదికి కిలోవాటునకు ఇరువది ఘనమీటర్ల చొప్పున పరిమాణమును, కిలోవాటునకు 25 చదరపు సెంటీమీటర్ల చొప్పున ఎప్పుడును మూయబడని గాలిదారియు నుండవలెనని సామాన్యముగ వ్రాయుదురు. మన దృష్టాంతపు కుంపటికి 84 ఘనమీటర్ల గదియు, 105 చదరపు సెంటీమీటర్ల గాలిదారియు కావలయును. ఆ గాలిదారిలో సగము నేలదగ్గఱను, సగము పైకప్పు దగ్గఱను ఉండవలయును. ఉద్యోగులు ఈ కఠినమైన కొలతనే మనస్సునం దుంచుకొనుట మేలు.

గాలిదారి వెలుపలి గాలికి తెఱవవలెను గాని మఱియొక మూసిన గదిలోనికి గాని నడవలోనికి గాని తెఱవరాదు. దోమతెర బిగించిన రంధ్రమునకు చట్రము కొలతను లెక్కింపరాదు. తీగల నడుమ నిజముగ గాలి పోవు చోటునే లెక్కింపవలెను. చలికి జనులు గాలిదారిలో గుడ్డలు క్రుక్కుట సహజము. కావున దానిని చేతికందని ఎత్తున గాని, మూయుటకు వీలుకాని పలకలతో గాని కట్టింపవలయును.

7. నిలుపు విధము

(క) పడకగదిలో, స్నానపు గదిలో, నేలమాళిగలో, కిటికీ లేని గదిలో ఈ కుంపటిని నిలుపరాదు. కూర్చుండు గదిలో నిలిపినను నిద్రకు పోవుటకు ముందు ఆర్పి, సిలిండరు రెగ్యులేటరును మూయవలెను.

(చ) సిలిండరు గ్యాసునకు చేసిన కుంపటిని పైపు గ్యాసునకును, పైపు గ్యాసునకు చేసినదానిని సిలిండరునకును కలుపరాదు. సమాన పరిమాణముగల సిలిండరు గ్యాసు పైపు గ్యాసుకంటె రెండున్నర రెట్లు వేడి నిచ్చును. బర్నరు రంధ్రముల కొలతలు వేఱు. మార్చక కలిపినచో మంట పొంగి పచ్చబడి విషమును క్రక్కును.

(ట) సిలిండరును నిలువుగ నుంచవలెను. గొట్టము భారత ప్రమాణముద్ర గలదై యుండవలెను. దానిని అయిదేండ్ల కొకసారి, పగుళ్లు కనబడినచో అంతకు ముందే, మార్చవలయును. కీళ్లను సబ్బునీటితో పరీక్షింపవలెను. బుడగలు లేచిన చోట గ్యాసు కారుచున్నదని యర్థము. అగ్గిపుల్లతో ఎన్నడును పరీక్షింపరాదు.

(త) కుంపటికి ముందు ఒక మీటరు మేర తెరలు, పఱుపులు, ఆరవేసిన బట్టలు ఉండరాదు. కుంపటి మీద బట్టలు ఆరవేయుట బర్నరునకు గాలి అందకుండ చేయును.

(ప) చలికాలమునకు ముందు ప్రతి సంవత్సరము ఎఱిగిన మరమ్మతుకారునిచేత బర్నరును, చిన్న మంట రంధ్రమును శుభ్రపఱపవలెను. నీలవర్ణపు నిలుకడ మంట మంచిది. పచ్చని నాలుకలు, మసి, క్రొత్తగ పుట్టిన ఘాటు వాసన కనబడిన యెడల కుంపటిని ఆర్పవలెను. అయితే మంట నీలముగ నున్నంతమాత్రమున విషము లేదని నమ్మరాదు.

(య) నిద్రించు గదులకు వినబడునట్లు కార్బన్ మోనాక్సైడు అలారమును అమర్పవలయును. పొగను తెలుపు అలారమును, గ్యాసు కారుటను తెలుపు అలారమును దీనికి బదులు కాజాలవు. అలారము లోపలి భాగము కొన్నియేండ్లకే పనికిరాకుండ పోవును గనుక దానిపై ముద్రించిన గడువును చూడవలయును. గాలిదారి లేని గదికి అలారము ప్రత్యామ్నాయము కాదు.

8. లక్షణములు, ప్రథమ చికిత్స

తలనొప్పి, తల తిరుగుట, వికారము, కాళ్ల నిస్సత్తువ మొదటి లక్షణములు. జ్వరము లేని యీ లక్షణములు ఒక ఇంటిలో అనేకులకు ఒకేసారి కలిగి, వెలుపలికి వచ్చినపుడు తగ్గుచుండిన యెడల కుంపటిని శంకింపవలయును. జనులు దీనిని అజీర్ణమనియు, ప్రయాణపు బడలిక యనియు తలంచి మరల ఆ గదిలోనే పండుకొందురు. నిద్రించువానికి ఈ లక్షణములును తెలియవు.

బాధితుని వెంటనే వెలుపలి గాలికి తేవలెను. రక్షింపబోవువాడు ఊపిరి బిగబట్టి తలుపులు కిటికీలు తెఱచి, కుంపటి నార్పి, మరల వెలుపలికి రావలెను. గ్యాసు వాసన వచ్చుచున్న యెడల విద్యుత్ స్విచ్చులను వేయను రాదు, ఆర్పను రాదు. పిదప 108కి గాని 112కి గాని ఫోను చేసి, ప్రాణవాయువు ఇయ్యగల ఆసుపత్రికి చేర్పవలెను. మామూలు గాలియందు రక్తములోని విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. శుద్ధ ప్రాణవాయువు నిచ్చినచో గంటన్నర లోపుననే సగమగును.

2020 నాటి మహమ్మారి పిదప వేలికి తగిలించు ఆక్సిమీటరు అనేక గృహములకు చేరినది. ఈ విషయమున అది మోసగించును. విషముతో కూడిన హీమోగ్లోబినును అది ప్రాణవాయువుతో కూడినదానిగనే చూపును. తొంబదియెనిమిది చూపినను రోగిని ఇంటికి పంపరాదు.

9. మన ప్రాంతములకు సంబంధించిన రెండు మాటలు

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో గ్యాసు కుంపట్లు తక్కువ. కాని ఇదే అపాయము రెండు రూపములతో మన ఇండ్లలో నున్నది. మొదటిది స్నానపు గదిలో బిగించు గ్యాసు గీజరు. అది వేడిచేయునది నీటిని గాని గదిని కాదు. అయినను కాలుటకు కావలసిన గాలి అదే, పుట్టు విషము అదే, గది మఱింత చిన్నది. దానిని స్నానపు గది వెలుపల గాలి తగులు చోట నిలిపి వేడినీటిని గొట్టము ద్వారా లోనికి తేవలయును.

రెండవది బాలింత గదిలోని బొగ్గుల కుంపటి. పొగ పోయి నిప్పులు ఎఱ్ఱబడిన పిదప అపాయము తీఱినదని పెద్దలు తలుపు మూయుదురు. నిజమునకు పొగ లేని ఆ నిప్పులే కార్బన్ మోనాక్సైడును మెండుగ విడుచును. దానిని ఆర్పు కవాటము ఏదియు లేదు. బిడ్డకు వెచ్చదనము కావలయుననుట నిజము. దుప్పట్లును, తల్లి యొడియును ఆ వెచ్చదనమును విషము లేకుండ ఇయ్యగలవు. ఈ మాటను ఇంటి పెద్ద స్త్రీలకు గౌరవముతో, గ్రామ ఆరోగ్య కార్యకర్తల ద్వారా చెప్పించుట మేలు.

10. తనిఖీ క్రమము

వసతి గృహమునకు గాని యాత్రికుల సత్రమునకు గాని అనుమతి నిచ్చుటకు ముందు ఉద్యోగి ఈ ప్రశ్నలకు తానే చూచి సమాధానము వ్రాసికొనవలెను. గది పరిమాణమెంత? గాలిదారి ఎన్ని చదరపు సెంటీమీటర్లు, అది ఎచ్చటికి తెఱచును, మూయుటకు వీలున్నదా? కుంపటి ఎన్ని కిలోవాట్లు? మంట ఆరిన గ్యాసు నిలుచుచున్నదా? ఊరి ఎత్తునకు ఆ కుంపటి తగునని నిర్మాత చెప్పెనా? గదిలో ఎందఱు నిద్రింతురు? అలారము మ్రోగుచున్నదా?

ఈ తనిఖీ పగటిపూట కిటికీలు తెఱచియున్న వేళ చేసినచో నిష్ఫలము. రాత్రి అతిథి పండుకొనునప్పుడు గది ఎట్లుండునో అట్లే తలుపు కిటికీలు మూయించి, కుంపటి వెలిగింపకయే, గాలి ఏ దారిని వచ్చునో ఏ దారిని పోవునో వెదకవలెను. దారి కనబడనిచో కుంపటిని ఆ గదినుండి తీసివేయించి, పొగగొట్టము గల కుంపటినో విద్యుత్ కుంపటినో అదనపు దుప్పట్లనో ఏర్పఱుపుమని యజమానికి వ్రాతమూలకముగ తెలుపవలయును. యజమాని వ్యయమును గూర్చి మొఱపెట్టుకొనవచ్చును. గోడలో రెండు గాలిదారులు తొలిపించుటకు తాపీపనివానికి ఒక పూట కూలి చాలును.